చేతికి కూలి కట్టాకే లాభం

నర్సీపట్నం

ఆత్మీయ పాఠకులకు,

ఇక్కడ చలి బాగా ముదిరింది. తెల్లవారకముందే మా ఊరి అబిద్ సెంటర్ మీదుగా లంబసింగి వైపు కార్లు బారులు తీరుతున్నాయి. మంచు చూడ్డానికి విశాఖ నుంచీ, రాజమండ్రి నుంచీ వచ్చే కుర్రకారు ఘాట్ ఎక్కబోయే ముందు ఇక్కడే ఆగి మంకీ క్యాపులూ మఫ్లర్లూ కొనుక్కుంటున్నారు. ఏడాదిలో ఈ రెండు మూడు నెలలే మన ఊళ్లో ఊలుకు గిరాకీ.

పోయిన ఉత్తరంలో చేతి అల్లికల గురించి నాలుగు మాటలు రాశాను కదా. దానికి వచ్చిన జవాబుల్లో చాలామంది ఒకటే అడిగారు: ఖరీదైన ఊలు తెప్పించి స్వెట్టర్లూ శాలువాలూ అల్లి అమ్మితే గిట్టుబాటవుతుందా అని. చోడవరం వైపు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం నన్ను బాగా ఆలోచనలో పడేసింది. డిగ్రీ అయింది. ఫోన్లో వీడియోలు చూసి అల్లిక నేర్చుకుంది. చిట్టీ పాడిన డబ్బుతో మెరీనో అనే మేలురకం గొర్రె ఊలు తెప్పించుకుందామనుకుంటోంది. “అమ్మా, ఆ డబ్బు పెట్టొచ్చా?” అని అడిగింది. ఈసారి ఉత్తరం ముందుగా ఆమెకోసం. మిగతావాళ్లూ చదవండి, మీ ఇళ్లలోనూ అల్లే చేతులున్నాయి.

పెట్టొచ్చు తల్లీ. కానీ ఊలు కొనేముందు మన నరసాపురం కథ ఒకసారి వినాలి. చేత్తో అల్లి పైదేశాలకు అమ్మడంలో తెలుగు ఆడవాళ్లకు ఉన్నంత అనుభవం దేశంలో చాలా తక్కువమందికి ఉంది. ఆ అనుభవమంతా పశ్చిమ గోదావరిలో, నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో పోగుపడి ఉంది.

గోదావరి జిల్లాలకు లేసు అల్లిక తెచ్చింది మిషనరీలు. 1844లో భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో మెక్రే దంపతులు మొదట నేర్పారని చెబుతారు. అక్కడి నుంచి డెల్టాకు దిగి నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో స్థిరపడింది. మొదట్లో మిషనరీ దొరసానులు ఆ లేసును తమ దేశంలోని స్నేహితులకు పంపేవారు. తర్వాత అదే వ్యాపారమైంది. సన్నని నూలు దారం, కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూది, అంతే పెట్టుబడి. ఆ దారంతో బల్లగుడ్డలు, దుప్పట్ల అంచులు, కాలర్లు, చిన్నపిల్లల గౌన్లు అల్లారు. యూరప్, అమెరికా ఇళ్లలో భోజనాల బల్లల మీద మన పల్లెటూరి ఆడవాళ్ల పనితనం దశాబ్దాలపాటు పరుచుకుని ఉంది.

ఇంత పనితనానికి ఎంత వచ్చింది? 1970ల చివర్లో జర్మనీ నుంచి మరియా మీస్ అనే సామాజికశాస్త్రవేత్త నరసాపురం వచ్చి, ఆ ఇళ్లలో కూర్చుని లెక్క తీసింది. ఆమె పుస్తకం ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ 1982లో వచ్చింది. ఇంటి చాకిరీ అంతా అయ్యాక ఆరేడు గంటలు, ఎనిమిది గంటలు సూది పట్టుకున్న మనిషికి రోజుకు రూపాయి కూడా పడలేదు. ఎండలో పొలం కూలికి వెళ్లిన ఆడవాళ్లకు అంతకన్నా ఎక్కువే వచ్చేది. మరి ఎందుకు చేశారు? బయటికెళ్లి కూలి చెయ్యడం పరువుతక్కువ అనుకునే ఇళ్లు అవి. గడప దాటకుండా నాలుగు డబ్బులు కనబడతాయంటే అదే మేలనుకున్నారు. వాళ్లు చేసేది తీరిక వేళల పని అని వ్యాపారులు అన్నారు, ఇంట్లో మగవాళ్లూ అదే అన్నారు, చివరికి అల్లేవాళ్లూ అదే నమ్మారు. తీరిక పనికి కూలి ఎవరు అడుగుతారు?

ఆ పుస్తకంలో నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించే సంగతి మరొకటి ఉంది. పని ముక్కలైపోయింది. ఒక ఊళ్లో ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది. ఆ పువ్వులు ఏజెంటు చేతిలో పడి ఇంకో ఇంటికి వెళ్తాయి, అక్కడ అతుకుపని. అంచు కట్టేది వేరొకరు. పువ్వు అల్లిన మనిషికి ఆ పువ్వు చివరికి దేంట్లో కూర్చుంటుందో తెలియదు, అది ఎక్కడ ఎంతకు అమ్ముడవుతుందో అసలే తెలియదు. ఏజెంటు ఈ నెల దారం ఇవ్వకపోతే ఆ పువ్వుల్ని ఆమె ఎవరికి అమ్ముకోగలదు? విడి పువ్వు ఎవరూ కొనరు. మొత్తం వస్తువు చేతిలో ఉన్నవాడే ధర చెబుతాడు. వాడు సూది పట్టుకోనక్కర్లేదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి వేరేచోటి యంత్రపు సరుకు అమ్మకూడదన్నమాట. చాలా సంతోషించాను. గుర్తింపు పేరును కాపాడుతుంది. అల్లిన మనిషి కూలిని మాత్రం ఆమె లెక్కే కాపాడాలి.

ఇది మన ఒక్క చోట జరిగిన అన్యాయం అనుకోకండి. స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అక్కడి గొర్రెల ఊలుతో ఆడవాళ్లు అల్లే లేసు శాలువాలు ఎంత పల్చనంటే, నిలువెత్తు శాలువా పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుంది. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో వాటికి గొప్ప మోజు. అల్లినవాళ్లకు మాత్రం వ్యాపారులు డబ్బు చేతికిచ్చేవారు కాదు. టీ పొడి, బట్ట, ఇతర కొట్టు సరుకులు ఇచ్చేవారు. 1872లో బ్రిటిష్ ప్రభుత్వం దానిమీద విచారణ సంఘం వేసి సాక్ష్యాలు తీసుకోవాల్సి వచ్చింది. గోదావరి ఒడ్డునా, షెట్లాండ్ దీవుల్లోనూ ఒకే కథ. అల్లిక ప్రపంచస్థాయిది, కూలి ఎవరూ లెక్కించనిది.

కాబట్టి తల్లీ, నీ మొదటి పెట్టుబడి ఒక నోటుపుస్తకం. సూది పట్టుకున్న సమయం, దించిన సమయం రెండూ రాసుకో. విప్పి మళ్లీ అల్లినవీ రాయి, ఉండ చుట్టినవీ రాయి, ఉతికి ఆరబెట్టినవీ రాయి. అన్నం వార్చడానికి లేచిన పది నిమిషాలు తీసెయ్యి. అలా ఒక వస్తువు పూర్తయ్యేదాకా రాస్తే నీ చేతి వేగం నీకు తెలుస్తుంది. అది తెలియకుండా ధర చెప్పడం మొదలుపెడితే నరసాపురం ఆడవాళ్లకు జరిగిందే నీకూ జరుగుతుంది. ఈసారి నడిమధ్య ఏజెంటు కూడా ఉండడు, నిన్ను నువ్వే తక్కువకు అమ్ముకుంటావు.

ఇక లెక్క. పెద్దవాళ్ల స్వెట్టర్‌కు సుమారు 400 గ్రాముల ఊలు అనుకుందాం. మంచి మెరీనో వంద గ్రాములు 1,500 రూపాయలకు దొరికిందనుకో, ఊలుకే 6,000. అల్లడానికి 50 గంటలు పట్టిందనుకో. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. నీ చేతికి కనీసం ఆ కూలి కట్టినా, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 1,919 అవుతుంది. అప్పటికే 7,919. ఇంకా గుండీలు, ప్యాకింగు, కొరియరు, అమ్మిపెట్టేవాళ్ల కమిషను ఉన్నాయి. లాభం అన్న మాటే ఇంకా రాలేదు. పైగా స్వెట్టర్ అంటే కొలత. భుజం అంగుళం బిగిసినా తిరిగి వస్తుంది. లూధియానా మిల్లులో యంత్రం అల్లిన యాక్రిలిక్ స్వెట్టర్ పక్కనే కొన్ని వందలకు దొరుకుతుంటే, ఎనిమిది వేల పైన పెట్టేవాళ్లు నర్సీపట్నంలో ఎంతమంది? చలికాలం విశాఖ పేవ్‌మెంట్ల మీద టిబెటన్లు అమ్మే స్వెట్టర్లు చూశావుగా, అవీ చాలావరకు లూధియానావే.

అలాగని చవక ఊలు కొనమనను. ఇక్కడ చాలామంది పొరబడతారు. యాక్రిలిక్‌తో అల్లినా ఆ 50 గంటలు 50 గంటలే. అల్లాక అది యంత్రపు సరుకుతో పోటీకి నిలబడాలి, కాబట్టి నీ చేతికి ధర పలకదు. మంచి ఊలు, పట్టు కలిపిన దారం అయితే కొనేవాళ్లు వేలితో తాకగానే తేడా గ్రహిస్తారు. చేతిపనికి డబ్బివ్వడానికి వాళ్లకు అప్పుడు మనసొప్పుతుంది. ఖరీదైన దారం చేసే మేలు ఇదే. లాభం మాత్రం దారంలోంచి రాదు. అందుకని నా సలహా: దారం తక్కువ, పనితనం ఎక్కువ పట్టే వస్తువు ఎంచుకో.

లేసు శాలువా అలాంటిది. మెరీనోలో పట్టు కలిసిన సన్నదారం వంద గ్రాములు తీస్తే ఎనిమిది వందల మీటర్ల దాకా వస్తుంది, ఒక శాలువాకు అది సరిపోతుంది. దారం 2,000 అనుకో. గంటలు అవే 50 అనుకో. ఉపాధి హామీ కూలికి రెట్టింపు కట్టుకుందాం, నేర్పున్న పని కాబట్టి కట్టుకోవాలి కూడా, 3,838. మొత్తం 5,838. స్వెట్టర్ ఖర్చు కన్నా రెండు వేలు తక్కువ, నీ చేతికి వచ్చింది రెట్టింపు. కొలతల గొడవ లేదు. సన్నవాళ్లకూ లావువాళ్లకూ ఒకటే. మడిచి కవర్లో పెడితే కొరియర్ ఖర్చూ తక్కువే. దీనిమీద నీ లాభం వేసి ఏడు వేల పైచిలుకు చెప్పు. అడగడానికి నోరు రాకపోతే నోటుపుస్తకం తెరిచి చూపించు. దారం తక్కువ, పనితనం ఎక్కువ అన్న ఈ దారి షెట్లాండ్ ఆడవాళ్లు ఎప్పుడో కనిపెట్టిందే. వాళ్ల దగ్గర లోపించింది లెక్క పుస్తకం మీద హక్కే.

సూది గురించి కూడా చెప్పాలి. రెండు సూదుల అల్లికలో ఒక వరసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీద తెరుచుకుని నిలబడి ఉంటాయి. ఒక్క కుట్టు జారితే కింది వరసల్లోకి నిచ్చెనలా దిగిపోతుంది. అన్ని కుట్లూ వరసగా నిలబడ్డాయి కాబట్టే యంత్రానికి అది సులువైంది. ఇంగ్లండులో విలియం లీ 1589లోనే మేజోళ్లు అల్లే చట్రం తయారు చేశాడు. కొక్కెం సూది పని, అంటే క్రోషే, వేరు. అక్కడ ఏ క్షణాన చూసినా ప్రాణమున్న కుట్టు ఒక్కటే. సూది వెనక్కి పోతుంది, పక్కకి పోతుంది, ఎప్పుడో అల్లిన గొలుసులో దూరి దారాన్ని లాక్కొస్తుంది. ఎక్కడ గుచ్చాలన్నది కన్ను చెబుతుంది, బిగువు ఎంతన్నది వేలు చెబుతుంది. కర్మాగారాల్లో ఆ పనిని అచ్చంగా అలాగే చేసే యంత్రం నేటికీ లేదు. బజారులో యంత్రపు క్రోషే అని అమ్మేవి వేరే రకం అల్లికతో దాని పోలిక తెచ్చినవి. కనుక నీకు రెండూ వచ్చినా, అమ్మకానికి కొక్కెం సూదిని ముందు పెట్టు. దానికి యంత్రంతో పోటీ తక్కువ. నేర్పే చేతులు నరసాపురంలో ఇంకా ఉన్నాయి.

దారం కొనేటప్పుడు జాగ్రత్త. పష్మినా అన్న పేరు ఇప్పుడు ప్రతి రోడ్డు పక్క కొట్లోనూ వినిపిస్తుంది. అసలు పష్మినా లడఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమి మేకల మెడకింద, పొట్టకింద చలికి పెరిగే మెత్తటి లోపలి నూగు. వసంతంలో దాన్ని దువ్వి తీస్తారు. దాని మందం 12 నుంచి 16 మైక్రాన్లు. మన తలవెంట్రుక దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఒక మేక ఏడాదికిచ్చేది ఒక స్వెట్టర్‌కు చాలదు. అలాంటిది మూడు వందలకు శాలువా రాదు. అనుమానం ఉంటే కొట్టువాణ్ణి ఒక చిన్న పోగు అడిగి, బయటికొచ్చి అగ్గిపుల్ల అంటించు. ఊలైతే నెమ్మదిగా కాలి, వెంట్రుక కాలిన కమురువాసన వేసి, వేళ్ల మధ్య నలిపితే నల్లటి బూడిదై రాలిపోతుంది. యాక్రిలిక్ కరిగి ముడుచుకుని చివర గట్టి పూసలా మిగులుతుంది. కాగితం కాలిన వాసన వస్తే నూలో, విస్కోసో. పట్టు కూడా వెంట్రుక వాసనే వేస్తుంది కాబట్టి దాన్ని మెరుపు చూసి, తాకి తెలుసుకోవాలి. ఆ నల్లటి పూస ఒక్కసారి చూశావంటే మళ్లీ లేబుల్ని నమ్మవు.

ఉండల మీద రంగు తొట్టి నెంబరు ఉంటుంది, దాన్ని లాట్ నెంబరంటారు. ఒక వస్తువుకు కావలసినదంతా ఒకే లాట్‌లో తీసుకో. రంగు పేరు అదే అయినా లాట్ మారితే శాలువా మధ్యలో గీత గీసినట్టు తెలిసిపోతుంది. అల్లడానికి ముందు జానెడు చదరం నమూనా అల్లి ఉతికి ఆరబెట్టి కొలువు. చాలామంది బద్ధకించేది ఇక్కడే. మెరీనో వేడినీళ్లలో పడి నలిగితే కుంచించుకుపోయి దళసరి గొంగళిలా అయిపోతుంది, అది తిరిగి రాదు. కొన్నవాళ్లకు చల్లనీళ్లు, మెత్తటి సబ్బు, పిండకుండా తువ్వాలులో చుట్టి నీడన పరిచి ఆరబెట్టడం, ఇవన్నీ తెలుగులో చీటీ మీద రాసి ఇవ్వు. ఆ చీటీ లేక పాడైన శాలువాకు మాట నీకొస్తుంది.

మన వాతావరణం ఊలుకు పగ. వానాకాలం నర్సీపట్నంలో బీరువా తలుపు తీస్తే వచ్చే ముక్కవాసన మీకందరికీ తెలుసు. ఖరీదైన దారం కొని దాచుకోవడం మన దగ్గర నష్టం. చెమ్మ, బూజు, ఊలు కొరికే చిమ్మటపురుగు, మూడూ ఉన్నాయి. ఆర్డరు వచ్చాక, సగం డబ్బు చేతిలో పడ్డాక తెప్పించుకో. నమూనా ముక్కలు మాత్రం రకానికొకటి దగ్గర పెట్టుకుని చూపించు. చిట్టీ డబ్బంతా ఊలుగా మార్చి అటక మీద పెట్టకు తల్లీ, నీ ఉత్తరం చదివినప్పుడు నాకు అన్నిటికన్నా భయం వేసింది దానికే.

ఇంకో సంగతి. ఖరీదైన దారం అంటే ఊలే కావాలా? మనది పది నెలలు ఉక్కపోసే దేశం. మెర్సిరైజ్ చేసిన సన్ననూలు, పట్టు, ఈ రెండింటితో కొక్కెం సూది పనికి ఏడాది పొడవునా గిరాకీ ఉంటుంది. పెళ్లి జాకెట్ల చేతులకు అంచులు, చీర పమిటకు లేసు, బారసాల గౌన్లు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్ననూలు వడుకుతున్నారు. ఆ నూలు నేసిన ధోవతికి యంత్రపు బట్టకు లేని ధర పలుకుతుంది, ఎందుకంటే దాని వెనక ఏ చేయి ఏం చేసిందో కొనేవాళ్లకు తెలుసు. నీ శాలువాతో కూడా ఎన్ని గంటలు, ఏ దారం, ఏ ఊరు అన్నవి ఒక చిన్న కాగితం మీద వెళ్లాలి.

అమ్మకం దగ్గర ఒంటరిగా నిలబడటం కష్టం. మీ ఊరి స్వయంసహాయక సంఘంలో అల్లిక తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో తప్పక ఉంటారు. సంఘాల సరుకు అమ్మే సరస్ మేళాలకు సంఘం పేరుతో దరఖాస్తు చేసుకోవచ్చు, హస్తకళలు అమ్మే లేపాక్షి షోరూముల్లో అడిగి చూడొచ్చు. కలిసి చేసేటప్పుడు కూడా పనిని ముక్కలు చేసుకోకండి. ఒకామె ఎప్పుడూ పువ్వులే, ఇంకొకామె ఎప్పుడూ అతుకుపనే అన్న పద్ధతి వేగం ఇస్తుంది, నిజమే. కొన్నాళ్లకు అమ్మేది ఒక్కరే తేలతారు, మిగతావాళ్లు కూలికి మిగులుతారు. గొలుసు కుట్టు నుంచి ఉతికి మడతపెట్టేదాకా, కొనేవాళ్లతో ధర మాట్లాడేదాకా అందరికీ రావాలి. పని మందగిస్తే మందగించనీ.

చోడవరం అమ్మాయికి ఇంకొక్క మాట. మొదటి శాలువా నూలు దారంతో అల్లు, ఖర్చు కొన్ని వందల్లో తేలుతుంది. గంటల పుస్తకం పూర్తయ్యాక దాని పేజీలు నాకు రాసి పంపు. లెక్క ఇద్దరం కలిసి చూద్దాం. ఆ తర్వాతే మెరీనో. మిగతా పాఠకుల్లో ఎవరైనా ఇప్పటికే అల్లి అమ్ముతుంటే, ఎంతకు అమ్మారో, ఎన్ని గంటలు పట్టిందో మొహమాటపడకుండా రాయండి. ఇష్టం లేనివాళ్ల పేర్లు వెయ్యను. నరసాపురం, పాలకొల్లు వైపు పాఠకులుంటే ఇవాళ మీ దగ్గర పువ్వుకెంత ఇస్తున్నారో, అతుకుపనికెంత ఇస్తున్నారో రాయండి. వచ్చే ఉత్తరంలో ఆ ధరలన్నీ ఒకచోట వేస్తాను.

ఉంటాను.

మీ
నర్సీపట్నం నేస్తం